మే నెల మధ్యాహ్నం కుక్క ఎక్కడ పడుకుంటుంది

నాకు చదువు లేదు. ఇది నేను చెబుతుంటే సునీత రాస్తోంది. నా మాట ఉన్నదున్నట్టు పెడితే అచ్చులో బాగుండదని పుస్తకాల తెలుగులోకి తనే సర్దుతోంది. సర్దుకోనీ.

మా భిలాయ్‌లో పవర్ హౌస్ పేట చుట్టుపక్కల ఇప్పుడు కుక్కల క్లినిక్కులు పెరిగాయి. కొత్తగా పనికి చేరేవాళ్లు నా దగ్గరకు వచ్చి, చిన్న క్వార్టర్లో ఉండేవాళ్లు ఏ కుక్క కొనాలని అడిగితే ఏం చెప్పాలమ్మా అంటారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక నాకు లేదు. అందుకే ఈ రాత.

సునీతే ఎందుకంటే, మా బస్తీలో పిల్లలకు తెలుగులో చెబితే వింటారు, జవాబు హిందీలో ఇస్తారు. తెలుగు రాయడం వచ్చింది ఈమె ఒక్కతెకే. చర్చిలో బైబిలు చదివి నేర్చుకుంది. ఇంకొకరు దొరికి ఉంటే ఈమెను పిలిచేదాన్ని కాదు. ఈమె అంటే నాకు కుళ్లు. ఇప్పుడు కొంత తగ్గింది కానీ పోలేదు. చకచకా రాస్తున్న ఆ చెయ్యి చూస్తే ఈ నిమిషం కూడా కలం లాక్కోవాలనిపిస్తోంది.

ఒక కుక్క చచ్చిపోయింది. అది తన తప్పేనని ఈమె నాలుగేళ్లుగా అనుకుంటోంది. కాదు. ఆ సంగతి ఈవేళ చెప్పాలనే కూర్చున్నాను. ఈ మాట అనగానే కలం ఆపి తలెత్తింది. రాయమ్మా, వరసలో వస్తుంది అన్నాను.

స్టూలు

మా ఆయన హథ్‌ఖోజ్‌లో చిన్న ఫ్యాక్టరీలో పని చేసేవాడు. జ్వరంతో పోయాడు. అప్పటికి నాకు ముప్పై నిండలేదు. మార్కెట్ వెనక కుక్కల డాక్టరుకి నేల తుడిచే మనిషి కావాలంటే వెళ్లాను. మా శ్రీకాకుళం వైపు వీధికుక్కలే తప్ప మంచం మీద పడుకునే కుక్కను అంతకుముందు చూడలేదు.

తుడవడం నుంచి కుక్కలకు స్నానం చేయించడం, అక్కడి నుంచి సూది వేసేటప్పుడు పట్టుకోవడం. అసలు పని అదే. కొత్తవాళ్లు మెడ పట్టుకుంటారు, కుక్క ఇంకా భయపడుతుంది. పక్కటెముకలు మన పొట్టకు ఆనించి పట్టుకోవాలి. మనం నెమ్మదిగా ఊపిరి తీస్తే అదీ నెమ్మదిస్తుంది. నాకు ఇది ఎవరూ నేర్పలేదు. నాలుగు కాట్లు నేర్పాయి.

మా డాక్టర్ సాబ్ పశువులకు దేవుడు, మనుషులకు కాదు. బల్ల దగ్గర ఆయనకో కుర్చీ, వచ్చినవాళ్లకు బెంచీ, నాకు స్టూలు. పదిహేడేళ్లు ఆ స్టూలు మీదే కూర్చున్నాను. ఆయన చెప్పిన మంచి మాట ఒకటుంది. కుక్కకు నోరు లేదు, దాని ఇంటివాళ్లు అబద్ధమాడతారు, చిలకమ్మా, నువ్వు చెయ్యి పెట్టి చూసి చెప్పు అనేవాడు. చెయ్యి పెట్టి చూడటంలో మాత్రం నన్ను మించినవాళ్లు భిలాయ్‌లో లేరు. ఈ మాట రాస్తూ సునీత నవ్వింది. నవ్వనీ, నిజమే కదా.

ఛోటా కుత్తా

మొదట్లో ఒక తప్పు చేశాను. మార్కెట్లో బట్టల దుకాణం సేఠ్ ఒకడు వచ్చి ఛోటా కుత్తా కావాలన్నాడు. మనకు చిన్న అంటే వయసులో కూడా చిన్నే కదా. హిందీలోనూ ఛోటా భాయి అంటే తమ్ముడే. పిల్లను అడుగుతున్నాడనుకున్నాను. ఒక ఆఫీసరు ఇంట్లో అల్సేషన్ ఈనితే అక్కడికి పంపాను. చెవులు కూడా నిలబడని ముద్దులాంటి పిల్ల. సేఠ్ సంబరంగా పట్టుకెళ్లాడు.

ఆరు నెలలకు అదే కుక్క ముందుకాళ్లు మా బల్ల మీద పెట్టి నిలబడింది. వెనకాల గొలుసు పట్టుకుని సేఠ్, చెమటలు కక్కుతూ.

"బాయి, మైనే ఛోటా బోలా థా."

"ఛోటా హీ దియా థా, సేఠ్‌జీ. అబ్ బడా హో గయా."

చిన్నదే ఇచ్చాను, ఇప్పుడు పెద్దదైంది అన్నందుకు డాక్టర్ ముందు పగలబడి నవ్వాడు, తర్వాత నన్ను తిట్టాడు. దుకాణం మీద రెండు గదులు, ఆరుగురు మనుషులు, మధ్యలో దూడంత కుక్క. వాళ్ల ముసలమ్మను రెండుసార్లు పడేసిందట. చివరకు హథ్‌ఖోజ్‌లో ఒక గోడౌన్‌కు కాపలాగా ఇచ్చేశారు. మనుషులను చూడగానే తోక ఊపే కుక్క అది. ఇనుప సామాన్ల మధ్య దాన్ని ఒక్కదాన్నే కట్టేసి ఉంచారని విన్నాక నాకు రెండు రోజులు తిండి సయించలేదు.

ఆ తర్వాత కుక్కను ముందు చూడటం మానేశాను. ఇల్లు చూసేదాన్ని. ఎవరడిగినా మీ ఇంటికొచ్చి టీ తాగుతాను, తర్వాత చెబుతాను అనేదాన్ని. వెళ్లి, చెప్పులు విప్పి, కుర్చీ వేసినా నేల మీదే కూర్చునేదాన్ని. కుక్క బతికేది నేల మీదే. అక్కడి నుంచి చూస్తే ఇల్లు వేరుగా ఉంటుంది. మంచం కింద పెట్టెలు, వైర్లు, చీమల మందు, తలుపు సందు, అన్నీ అక్కడి నుంచే కనబడతాయి. తర్వాత ఒక్క ప్రశ్న అడిగేదాన్ని. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి ఈ ఇంట్లో కుక్క ఎక్కడ పడుకుంటుంది?

జవాబు వెంటనే చెప్పినవాళ్లకు కుక్క ఇప్పించవచ్చు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నవాళ్లకు కూడదు. భిలాయ్ ఎండ ఎలాంటిదో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఉక్కు ప్లాంట్ ఉన్న ఊరు ఇది, ఆ ఎండలో కొలిమి కూడా అనవసరమనిపిస్తుంది.

ఏ కుక్క

కుక్క చిన్నదైతే దానితో కష్టమూ చిన్నదే అనుకోవద్దు.

అందరూ పామేరియన్ అని కొనే తెల్ల బొచ్చు కుక్క అసలు పామేరియన్ కాదు, దాని పెద్దమ్మ కూతురు. తెలివైనదే కానీ మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడినా మొరుగుతుంది. గోడకు గోడ కలిసిన క్వార్టర్లలో నైట్ డ్యూటీ చేసి పగలు పడుకునేవాళ్లు పక్కింట్లో ఉంటారు. ఈ కుక్క వల్ల మాటలు మానేసిన ఇళ్లు నాకు తెలుసు.

పొడుగు కుక్క, అదే డాష్‌హౌండ్, ఒకే గది ఉన్నా సర్దుకుంటుంది. మూడో అంతస్తు వాళ్లు మాత్రం కొనకండి. మెట్లు ఎక్కి దిగి దాని నడుము పోతుంది. లాసా కుక్కకు రోజూ దువ్వెన కావాలి. తల దువ్వుకునే తీరిక లేని ఇల్లాలు దాన్ని ఏం దువ్వుతుంది?

పగ్ మొరగదు, పెద్దగా పరిగెత్తదు, పిల్లలను కరవదు. చిన్న ఇంటికి దేవుడు చేసినట్టే ఉంటుంది, ముక్కు తప్ప. నాలుక బయటపెట్టి ఒగర్చడమే కుక్కకు చెమట. ఆ నొక్కుకుపోయిన ముక్కులోంచి గాలి సరిగ్గా ఆడదు, ఎండ తగిలితే ఒంట్లో వేడి బయటకు పోదు. నేను స్నానం చేయించిన ప్రతి పగ్ నా చేతుల్లో గురక పెట్టింది.

నన్నడిగితే చిన్న జాతి వీధికుక్క పిల్లను తెచ్చుకోమంటాను. ఈ నేలలో పుట్టింది, ఈ ఎండకు చావదు. ఎవరూ వినరు. అతిథులకు చూపించడానికి పనికిరాదంటారు.

కుర్చీ

ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమై, బండ్ల నంబరు ప్లేట్ల మీద ఎం.పి. పోయి సి.జి. వస్తున్న రోజుల్లో, రాయ్‌పూర్ రాజధాని అయిందన్న సంబరం భిలాయ్‌లో కూడా ఉండేది. రంగు టీవీ ఉన్న ప్రతి ఇంటికీ ఒక కుక్క కూడా కావాల్సి వచ్చింది. క్లినిక్కులో రద్దీ పెరిగింది. అప్పుడు డాక్టర్ సాబ్ సునీతను తెచ్చాడు. తండ్రి ప్లాంట్‌లో పని చేసేవాడు, సెక్టర్ 7లో ఉండేవారు. కాలేజీ చదివింది, ఇంగ్లీషు మాట్లాడుతుంది, స్కూటీ నడుపుతుంది. మొదటి రోజే ఆమెకు కుర్చీ వేశారు.

నా పాత స్టూలు ఆ కుర్చీ పక్కనే. తల ఎత్తి చూస్తే కానీ ఆమె మొహం కనబడదు. బొమ్మలతో ఒక లావు ఇంగ్లీషు పుస్తకం తెచ్చుకుంది. ఏ కుక్క ఎంత బరువు, ఎంత ఎత్తు, ఎంత తిండి, అన్నీ అందులో ఉన్నాయట. నన్ను బాయి అన్న నోటితోనే వచ్చినవాళ్లు ఆమెను మేడం అనేవారు. మొదట మేడంనే అడిగేవారు. ఆమె చెప్పాక, కుక్కను పట్టుకోవాల్సి వస్తే నన్ను పిలిచేవారు.

ఒళ్లు మండేది. ఆమె జడ చూసినా, చున్నీ చూసినా, టిఫిన్ డబ్బాలో అమ్మ పెట్టిన చేపల వేపుడు చూసినా మండేది. నాకు సగం పెట్టేది. తినేదాన్ని. తింటూనే మండేదాన్ని.

నేను చేసిన చిల్లర పని ఒకటి చెబుతాను. మనకు పిల్ల అంటే ఆడపిల్ల. హిందీలో పిల్లా అంటే కుక్కపిల్ల. ఇది తెలిసే, క్లినిక్ నిండా జనం ఉన్నప్పుడు గట్టిగా పిలిచేదాన్ని, "పిల్లా, ఇలగ రా!" అని. హిందీవాళ్లు కిసుక్కున నవ్వేవారు. సునీత చెవులు ఎర్రబడేవి. తెలుగులో అది ముద్దు మాటే కాబట్టి నన్ను ఎవరూ తప్పు పట్టలేరు. ఏడాదిపాటు అలాగే పిలిచాను.

ఆమె మాత్రం నన్ను పిన్నీ అనేది. పిన్నీ, ఇల్లు చూసి నువ్వెలా చెప్పేస్తావు, నాకు నేర్పవా అని రెండు మూడుసార్లు అడిగింది. చూసి నేర్చుకోవాలమ్మా అన్నాను. నా ఒక్క ప్రశ్న ఆమె ముందు ఎప్పుడూ అడగలేదు. ఆమె లేకుండా వెళ్లిన ఇళ్లలోనే అడిగేదాన్ని. నాకున్నది అదొక్కటే. అది కూడా ఇచ్చేస్తే నా స్టూలు ఎవరికి కావాలి?

పైడిరాజు క్వార్టరు

పైడిరాజుది విజయనగరం వైపు. ప్లాంట్‌లో ఎలక్ట్రీషియన్. భార్య జయమ్మ నర్సు. పెళ్లై ఎనిమిదేళ్లైనా పిల్లలు లేరు. తలుపు తీస్తే ఎదురొచ్చే ప్రాణం ఒకటి ఉంటే చాలు డాక్టర్ అని జయమ్మ అన్నప్పుడు మా డాక్టర్ సాబ్ కూడా మెత్తబడ్డాడు. ఇద్దరూ వెళ్లి ఇల్లు చూసి రండని సునీతను, నన్ను పంపాడు.

జనవరి నెల. మూడో అంతస్తు, పైన కప్పే. రెండు గదులు, ఒక బాల్కనీ. నేను నేల మీద కూర్చున్నాను. నేల చల్లగా ఉంది, కిటికీ లోంచి పడే ఎండ హాయిగా ఉంది. సునీత టేపు పట్టుకుని గదులు కొలిచింది, కాగితం మీద రాసుకుంది. కూలర్ ఉందా అని అడిగింది. కిటికీకి గుడ్డ కప్పి ఉన్న కూలర్‌ను జయమ్మ చూపించింది. సునీత దాన్నీ రాసుకుని బాల్కనీ కొలవడానికి వెళ్లింది.

ఆమె అటు వెళ్లగానే నేను పైడిరాజును మాటల్లో పెట్టాను. మీ ఇద్దరికీ పగటి డ్యూటీ పడితే ఇంటికి తాళమేనా అన్నాను.

"తాళమే పిన్నీ. తాళం ఎయ్యాలంటే ముందు మెయిన్ ఆపాల. ప్లాంట్‌లో మాకు అదే నేర్పినారు. మనిషి నేని కాడ కరెంటు ఉండకూడదు. ఈ బిల్డింగ్‌లో అందరూ నవ్వుతారు గాని, ఎనిమిదేళ్లలో ఒక్కనాడు తప్పనేదు."

గర్వంగా చెప్పాడు. మంచి అలవాటే. అలాంటి మనుషుల వల్లే ప్లాంట్‌లో ప్రాణాలు నిలుస్తాయి. నాకు మాత్రం ఆ క్షణంలోనే మే నెల మధ్యాహ్నం కనబడింది. కప్పు కింద మూసిన గదులు, ఆగిపోయిన కూలర్, మధ్యలో కుక్క.

సునీత బాల్కనీ నుంచి వచ్చి, పుస్తకం తెరిచి, పగ్ బొమ్మ చూపించింది. జయమ్మ ఆ బొమ్మ మీద వేలితో నిమిరింది. అప్పుడు నేను నోరు తెరవాలి. తెరవలేదు. ఈమె చెప్పిన కుక్క ఈ ఇంట్లో నిలవదు, అప్పుడు తెలుస్తుంది పుస్తకం గొప్పదో చిలకమ్మ గొప్పదో అనుకున్నాను. చచ్చిపోతుందని అనుకోలేదు. జబ్బు పడుతుంది, పట్టుకొస్తారు, డాక్టర్ ఆమెను తిడతాడు, అంతవరకే అనుకున్నాను. అయినా నన్నెవరూ అడగలేదు. నా పని కుక్కను పట్టుకోవడమే కదా.

ఇక్కడ సునీత కలం ఆగింది. బయట ఎవరో మోటారు వేస్తే నీళ్లు పడుతున్న చప్పుడు. రాయమ్మా అనలేకపోయాను. తనే మళ్లీ రాయడం మొదలుపెట్టింది.

లడ్డూ

దానికి లడ్డూ అని పేరు పెట్టారు. నెలకోసారి క్లినిక్కుకు తెచ్చేవారు. జయమ్మ మొహం మారిపోయింది. డ్యూటీ నుంచి మెట్లెక్కుతుంటే రెండో అంతస్తులోకి వచ్చేసరికే దాని గురక తలుపు వెనక వినబడుతుందని చెప్పి నవ్వేది. అందరూ సునీతను మెచ్చుకున్నారు. జయమ్మ ఆమెకు చీర పెట్టింది. నాకు రవికగుడ్డ పెట్టింది. ఆ గుడ్డ కుట్టించలేదు.

ఏప్రిల్ దాకా మధ్యాహ్నం ఇద్దరిలో ఒకరు ఇంట్లో ఉండేవారు. మే నెలలో జయమ్మ డ్యూటీ మారింది. మొదటి రోజు గిన్నె నిండా నీళ్లు పెట్టి, ముద్దు పెట్టి వెళ్లిందట. పైడిరాజు తాళం వేశాడు. అంతకుముందు మెయిన్ ఆపాడు.

సాయంత్రం స్కూటరు మీద తడి తువ్వాలులో చుట్టి తెచ్చారు. స్నానాల గది గడప మీద, నీళ్లు పోయే మోరీ దగ్గర తడి ఉన్నచోట మొహం పెట్టి పడి ఉందట. నాలుక నేరేడు పండు రంగులో ఉంది. నా పొట్టకు ఆనించి పట్టుకున్నాను. రొట్టెల పెనంలా కాలుతోంది. డాక్టర్ నీళ్లు పోశాడు, ఐసు పెట్టాడు, సూది వేశాడు. నేను నెమ్మదిగా ఊపిరి తీస్తూనే ఉన్నాను. దాని ఊపిరి నా లెక్కకు రాలేదు. ఒకసారి పెద్దగా తీసి ఆపేసింది.

జయమ్మ ఏడవలేదు. నీళ్లు పెట్టే వెళ్లాను డాక్టర్ అని మాత్రం మళ్లీ మళ్లీ అంది. కూలర్ మాటేమిటని డాక్టర్ అడిగితే పైడిరాజు మెయిన్ సంగతి చెప్పాడు. చెబుతూ చెబుతూ తనే ఆగిపోయాడు. ఏం చేశాడో అప్పుడు అర్థమైంది అతనికి. డాక్టర్ సునీత వైపు తిరిగాడు.

"తుమ్నే పూఛా నహీ థా?"

"నహీ పూఛా, సర్."

అడగలేదు అని, అంతే అంది. పైడిరాజు నా వైపు ఒకసారి చూశాడు. చెప్పాను కదా పిన్నీ అంటాడేమోనని తల దించుకున్నాను. అనలేదు. ఆ దుఃఖంలో గుర్తుందో లేదో. లడ్డూ ఇంకా నా చేతుల్లోనే ఉంది. నేను చెప్పవలసిన మాట నోటి దాకా కూడా రాలేదు. నిజం చెప్పాలంటే, డాక్టర్ ఆమెను అలా చూడటం నాకు లోపల ఎక్కడో తియ్యగా ఉంది. కుక్క బరువు చేతుల్లో ఉండగానే.

వారం తర్వాత సునీత మానేసింది. ఇప్పుడు ఒక ఆఫీసులో కాగితాలు రాస్తోంది. పైడిరాజు ఇంట్లో మళ్లీ కుక్కను పెంచలేదు. కుర్చీ నాకిచ్చారు. రెండేళ్లు కూర్చున్నాను, చేతులు వణకడం మొదలయ్యేదాకా. అబద్ధమెందుకు, కుర్చీ బాగానే ఉండేది.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇది. పక్కన కూర్చున్న మనిషికి మీకంటే ఎక్కువ తెలుసని కుళ్లుకోకుండా ఉండటం కుదరదు. కుళ్లుకోండి. ఇంటికెళ్లి గిన్నెలు విసిరికొట్టండి. కానీ ఇల్లు చూసి చెప్పాల్సిన మాట మాత్రం ఆ ఇంట్లోనే చెప్పెయ్యండి. ఆ మాట మీది కాదు, కుక్కది.

చదివి వినిపించాక

అంతా అయ్యాక సునీత మొదటి నుంచి చదివి వినిపించింది. గొంతు మామూలుగానే ఉంది. పైడిరాజు క్వార్టరు దాకా వచ్చి, "అయినా నన్నెవరూ అడగలేదు" అన్నచోట ఆగింది. ఆ ముక్క మళ్లీ చదివింది. నేను గోడ వైపు చూశాను.

"పిన్నీ, మెట్లు దిగేటప్పుడు నేనడిగాను."

కాగితం మీంచి తల ఎత్తకుండానే చెప్పింది.

"రెండో అంతస్తు మలుపులో. నాకేటైనా ఛూట్ గయా క్యా, నువ్వు సూసావు గదా పిన్నీ అన్నాను. నాలుగేళ్ల నుంచి రోజూ అనుకుంటున్నాను, పిన్నికి కూడా తట్టనేదు, ఇంక నాకెలా తడుతుందిలే అని. అలా అనుకునే పడుకున్నాను."

అడిగింది. టేపు చుట్టుకుంటూ, ఒక మెట్టు కింద నిలబడి, ఆ ఒక్కసారీ తనే తల ఎత్తి నన్ను చూస్తూ, ఏమైనా వదిలేశానా అని అడిగింది. నేనన్న మాట కూడా నాకు బాగా గుర్తుంది. "ఏటీ నేదు. నీ పుస్తకంలో అన్నీ ఉన్నాయి గదేటి," అన్నాను.

ఒప్పుకోవడానికి కూర్చుని కూడా ఆ మెట్టు దాటేసి చెప్పాను. ఇదీ నా బుద్ధి.

ఆ ముక్క కొట్టెయ్యనా అని అడిగింది. వద్దన్నాను. ఉండనీ, దాని పక్కన కాగితం అంచున రాయి, సునీత అడిగింది అని రాయి అన్నాను. రాసింది. కాగితాలు నా ఒళ్లో పెట్టి, చున్నీ సర్దుకుని, టీ వద్దని వెళ్లిపోయింది.

అక్షరాలు నాకు తెలియవు. కాగితం తిరగేసి వెనకవైపు వేళ్లతో తడిమాను. మిగతాదంతా నున్నగా ఉంది. ఒక్కచోట మాత్రం కలం నొక్కుకుపోయి ఇవతలికి గట్టుకట్టింది. చదివి వినిపించిన ఈ సంగతంతా మర్నాడు ఆమెను మళ్లీ పిలిపించి రాయించాను. గట్టుకట్టింది సునీత అడిగింది అన్న మాటే కదా అని అడిగితే తలూపింది.